ఇంట్లో వెల్డింగ్ మిషన్ పెట్టుకుని పనిముట్లు బాగుచేసుకోవచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న ఇది: ఆరెకరాల వరి, 45 హెచ్‌పీ ట్రాక్టరు, తొమ్మిది టైన్ల కల్టివేటర్, ఒక రోటవేటర్, కేజ్ వీల్స్, ట్రాక్టరు వెనక తగిలించే ఒక ట్రక్కు ఉన్నాయి. ఏది విరిగినా పన్నెండు కిలోమీటర్లు పోయి వెల్డింగ్ షాపు ముందు నిలబడాలి. దమ్ముల సీజన్‌లో అయితే పూట పనికి రెండు రోజులు పడుతోంది. సొంతంగా మిషన్ కొనుక్కుని నేర్చుకోవచ్చా, ఎంతకాలం పడుతుంది, ఏ మిషన్ కొనాలి, ఏ పనులు చేసుకోవచ్చు?

నేర్చుకోవచ్చు. నేను పదకొండేళ్లు ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపి, తర్వాత సొంత వ్యవసాయంలోకి వచ్చాను. ఇప్పటికీ మా వీధిలో సగం పనిముట్లు మా ఇంటి ముందుకే వస్తాయి. ఆ అనుభవంతో ముందుగా ఒక మాట చెబుతాను. రెండు ఇనుప ముక్కల్ని అతికించడం నెల రోజుల్లో వచ్చేస్తుంది. ఏ ఇనుముకు ఏం చేయాలో, దేని జోలికి పోకూడదో తెలియడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఇంట్లో మిషన్ వల్ల లాభమా నష్టమా అనేది ఆ రెండో దాన్నిబట్టే ఉంటుంది. అందుకే మిషన్ సంగతి త్వరగా ముగించి అసలు విషయం మీద ఎక్కువ రాస్తాను.

మిషన్ అంటే పాత రోజుల్లో నూనె పోసిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. నీకు అది అక్కర్లేదు. సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిషన్ చాలు. భుజాన వేసుకుని పొలానికి తీసుకెళ్లేంత బరువే ఉంటుంది. ఆరేడు వేల నుంచి పదిహేను వేల దాకా దొరుకుతాయి. కొనేటప్పుడు డ్యూటీ సైకిల్ ఎంత అని అడుగు. 200 ఆంప్స్ దగ్గర 60 శాతం అని రాసి ఉంటే, ఆ కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. సాధారణంగా ఆ లెక్క 40 డిగ్రీల వాతావరణానికి కట్టింది. మన మే నెలలో అంతకంటే ఎక్కువసేపు ఆపాలి. నువ్వు మామూలుగా వాడేది 80 నుంచి 120 ఆంప్స్ లోపే కాబట్టి పెద్ద ఇబ్బంది రాదు.

కరెంటు లైను విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఇంట్లో 16 ఆంప్స్ సాకెట్ మీద సన్న రాడ్ (కరిగి అతుకు వేసే పూత కమ్మి) నడుస్తుంది. లావు రాడ్ కాల్చాలంటే మీటరు దగ్గర నుంచి వేరే ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పెట్టించి, కనీసం 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో ప్రత్యేకంగా లైను లాగించుకో. చాలామంది ఫ్యాను కోసం కొన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద మిషన్ పెట్టి, ఆర్క్ (రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య వెలిగే మెరుపు) నిలవడం లేదని మిషన్‌ను తిడతారు. వైరు చుట్ట చుట్టినట్టే ఉంచి వాడితే అది వేడెక్కి కరిగిపోతుంది కూడా. పూర్తిగా విప్పి పరిచి వాడు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించు.

మిషన్‌తో పాటు కొనాల్సినవి: నాలుగంగుళాల గ్రైండర్, చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్, తోలు గ్లోవ్స్, తలకు తగిలించుకునే హెల్మెట్. మిషన్‌తో ఉచితంగా ఇచ్చే చేత్తో పట్టుకునే మాస్క్ కొత్తవాళ్లకు పనికిరాదు. ఒక చెయ్యి దానికే పోతుంది. ఆర్క్ వెలగగానే దానంతట అదే నల్లబడే ఆటో డార్క్ హెల్మెట్ తీసుకో. నువ్వు వాడే కరెంటుకు 10వ నంబరు షేడ్ సరిపోతుంది. నల్ల కళ్లజోడుతో వెల్డింగ్ చేసేవాళ్లను చూసి ఉంటావు. అది గ్యాస్ కటింగ్‌కు పెట్టుకునేది. ఆర్క్ వెలుగుకు చాలదు, ముఖం చర్మం కూడా కాలిపోతుంది.

రాడ్ల దగ్గరికి వద్దాం. షాపులో పన్నెండు నంబర్, పది నంబర్ అంటారు. అవి గేజ్ లెక్కలు. పన్నెండు నంబర్ అంటే సుమారు 2.5 ఎంఎం, పది నంబర్ అంటే 3.15 ఎంఎం. మొదటి దానికి 60 నుంచి 90 ఆంప్స్, రెండో దానికి 90 నుంచి 130 ఆంప్స్. ప్యాకెట్ మీద కూడా రాసి ఉంటుంది, చూసుకో. ఇక రకం సంగతి. మామూలు పనులకు 6013. ఆర్క్ సులువుగా అందుకుంటుంది, గీత నున్నగా వస్తుంది, పైన పేరుకున్న స్లాగ్, అంటే రాడ్ పూత కరిగి గట్టిపడిన పెంకు, తేలిగ్గా ఊడుతుంది. నేర్చుకోవడానికి ఇదే. బరువు మోసే చోట, కుదుపులు పడే చోట 7018. ఈ నంబర్లలో మొదటి రెండంకెలు బలం. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు, మన లెక్కలో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 42 కిలోలు. 70 అంటే 49 కిలోలు. కానీ 7018 గొప్పతనం ఆ ఏడు కిలోల తేడాలో లేదు. దాని పూతలో తేమ చాలా తక్కువ. తేమ నుంచి వచ్చే హైడ్రోజన్ వెల్డులోకి దూరితే, ముఖ్యంగా గట్టి ఉక్కు మీద, అతికిన కొన్ని గంటలకో మర్నాటికో లోపల సన్నటి పగులు వస్తుంది. పైకి ఏమీ కనపడదు.

అందుకే 7018 ప్యాకెట్ విప్పి వానాకాలం షెడ్డులో పడేస్తే దాని వల్ల ఉపయోగం ఉండదు. కంపెనీలలో దాన్ని 300 డిగ్రీల పైన ఓవెన్‌లో గంట, రెండు గంటలు కాల్చి వాడతారు. ఇంట్లో ఆ వసతి ఉండదు కాబట్టి చిన్న ప్యాకెట్ కొను, పని ఉన్న రోజే విప్పు, మిగిలినవి మామూలు పనులకు వాడేసెయ్. డీసీ మిషన్‌లో 7018కి, రాడ్‌ను పట్టుకునే హోల్డర్ వైరు ప్లస్‌కు పెట్టాలి. 6013 ఎటు పెట్టినా కాలుతుంది. 6013కు కూడా చెమ్మ మంచిది కాదు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకో.

ఇప్పుడు చెయ్యి తిరగడం ఎలాగో చెబుతాను. పాత ఇనుము దుకాణానికి పోయి 6 ఎంఎం మందం పట్టీలు ఓ పది కిలోలు తెచ్చుకో. రెండు ప్యాకెట్లు 2.5 ఎంఎం 6013 రాడ్లు. మొదటి వారం ఏదీ అతికించకు. పట్టీ మీద ఊరికే గీతలు గియ్యి. ముందు గ్రైండర్‌తో తుప్పు, రంగు పోయి తెల్లగా మెరిసేదాకా రుద్దు. మిషన్ రెండో వైరు కొసన ఉండే ఎర్త్ క్లాంప్ పట్టే చోట కూడా అలాగే రుద్దు. సగం మంది ఇబ్బంది అక్కడే. తుప్పు మీద క్లాంప్ పెట్టి రాడ్ అంటుకుపోతోందని బాధపడతారు.

అగ్గిపుల్ల గీసినట్టు రాడ్ కొసను పట్టీ మీద గీయి. వెలగగానే రాడ్ లావంత ఎత్తుకు లేపి అక్కడ నిలబెట్టు. ఎక్కువ లేపితే ఆరిపోతుంది, లేపకపోతే అంటుకుంటుంది. అంటుకుంటే కంగారు పడకు, మణికట్టు పక్కకు తిప్పి లాగు, రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్‌ను వదిలెయ్. తొలి రోజు ఇరవై సార్లు అంటుకుంటుంది. అందరికీ అంతే. రాడ్‌ను నువ్వు సాగే వైపుకు కొంచెం, పది పదిహేను డిగ్రీలు వాల్చి, వెల్డ్ వెనక పడేలా లాక్కుంటూ పో. రాడ్ కాలిపోతూ పొట్టిదవుతుంది కాబట్టి చెయ్యి పక్కకు కదులుతూనే కిందికి కూడా దిగుతుండాలి. కొత్తవాళ్లు దీన్ని మర్చిపోతారు. గీత మొదట్లో బాగుండి చివరికి వచ్చేసరికి ఎత్తుగా, చుక్కలు చుక్కలుగా పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, వెలుగును చూడకు. అద్దం లోంచి చూస్తే మొదట ఆ వెలుగే కనిపిస్తుంది. రెండు మూడు రోజులకు దాని వెనక చిన్న మడుగు కనపడటం మొదలవుతుంది. చింతగింజంత మేర ఎర్రగా కరిగిన ఇనుము, దాని తోకలో కాస్త నల్లగా, చిక్కగా కదిలే స్లాగ్. ఆ మడుగు వెనక అంచు గుండ్రంగా నిండుతూ రావాలి. అది నిండేంత వేగంతోనే నువ్వు ముందుకు కదలాలి. తొందరపడితే మడుగు తోక బాణం మొనలా సన్నబడుతుంది, గీత తాడులా పైన కూర్చుంటుంది, లోపల పట్టదు. నెమ్మదిస్తే మడుగు వెడల్పై రాడ్‌కు ముందు స్లాగ్ పారుతుంది, అది లోపల చిక్కుకుపోతుంది. ఈ మడుగు నీకు కనపడిన రోజు నుంచి నువ్వు వెల్డింగ్ నేర్చుకుంటున్నట్టు లెక్క. అంతకుముందు చేసేదంతా చెయ్యి అలవాటు పడటమే.

చెవితో కూడా పట్టుకోవచ్చు. ఎత్తు, కరెంటు సరిగ్గా ఉంటే మూకుడులో గారెలు ఒకే తీరుగా వేగుతున్నట్టు నిలకడగా సవ్వడి వస్తుంది. రాడ్ ఎత్తుగా పట్టుకుంటే పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలాడి చుట్టూ ఇనుప గింజలు ఎగురుతాయి. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు నేను చూడకుండా, పక్కన నిలబడి వినే తప్పులు చెప్పేవాణ్ణి.

గీతలు నున్నగా వస్తున్నాయనిపించాక, రెండు పట్టీలు టీ ఆకారంలో నిలబెట్టి రెండు కొసల్లో ట్యాక్‌లు (కదలకుండా పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డులు) కొట్టి ఒక పక్కే వెల్డ్ చెయ్యి. చల్లారాక దాన్ని పట్టకారలో బిగించి, వెల్డ్ ఉన్న వైపుకు సుత్తితో మడిచి విరగ్గొట్టు. విరిగిన చోట చూస్తే నిజం తెలుస్తుంది. మూల దాకా కరిగి ఉంటే విరిగిన ముఖమంతా ఒకే తీరు బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. పట్టకపోతే కింద పట్టీ అంచు కోసినట్టే నీటుగా, గ్రైండర్ గీతలతో సహా అలాగే మిగిలి ఉంటుంది. నల్లటి చారలుంటే స్లాగ్ చిక్కింది. సూది బెజ్జాల్లాంటి రంధ్రాలుంటే తేమో, నూనో, రంగో మిగిలి ఉంది. పైకి అందంగా కనపడే వెల్డులు ఈ పరీక్షలో ఎన్నో ఊడిపోతాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నా, వీడియోలు ఎన్ని చూసినా, ఈ విరగ్గొట్టే పని మానకు.

రోజుకు గంట చొప్పున చేస్తే నెల, నెలన్నరలో పడుకోబెట్టిన పని చక్కగా వస్తుంది. నిలువు వెల్డింగ్, తల మీద వెల్డింగ్ జోలికి ఇప్పుడే పోకు. పనిముట్టునే పక్కకు తిప్పి, కింద దుంగలు పెట్టి, వెల్డ్ చేసే చోటు పైకి వచ్చేలా పడుకోబెట్టుకో. వీలైతే పని లేని రోజుల్లో మీ షాపు ఆయన దగ్గరే సాయంత్రం పూట కూర్చో. గ్రైండింగ్ చేసిపెడతానంటే ఎవరూ కాదనరు. పద్ధతిగా నేర్చుకోవాలనుకునే పిల్లలుంటే ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పనిముట్ల వాడకం, సంరక్షణ మీద శిక్షణ ఇస్తారు. రైతుగా నీకు అది కూడా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఏ ఇనుమో గుర్తుపట్టడం. పనిముట్టులో అన్ని ముక్కలూ ఒకటే ఇనుము కాదు. ఫ్రేములు, యాంగ్లర్లు, ఛానళ్లు, పట్టీలు మామూలు మెత్త ఇనుము. వాటిని నిర్భయంగా వెల్డ్ చేసుకో. షాఫ్టులు, పిన్నులు, స్ప్రింగులు, కర్రులు కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు. గేర్ బాక్స్ డొల్లలు, కొన్ని పుల్లీలు, మోటారు బాడీలు పోత ఇనుము, అంటే మనవాళ్లు బీడు అనేది. నీడలో గ్రైండర్ ఆనించి రవ్వలు చూడు. మెత్త ఇనుము పొడవాటి, పసుపు రంగు తీగల్లాంటి రవ్వలు చిమ్ముతుంది, చివర్లో చీలికలు తక్కువ. గట్టి ఉక్కు రవ్వలు కాకరపువ్వొత్తిలా కొసల్లో పూలు పూలుగా విచ్చుకుంటాయి. బీడు రవ్వలు ఎర్రగా, మసకగా, చక్రం దగ్గరే పొట్టిగా ఆరిపోతాయి. ఉలితో కొట్టినా తెలుస్తుంది. ఇనుము చెక్క తీస్తే చుట్టుకుంటూ వస్తుంది, బీడు పొడి పొడిగా రాలుతుంది. ఆకురాయి పెట్టి రుద్దితే పట్టకుండా జారిపోతోందంటే అది గట్టిపరిచిన ఉక్కు. దాన్ని మామూలు రాడ్‌తో అతికించాలని చూడకు.

గట్టి ఉక్కు తప్పనిసరిగా వెల్డ్ చేయాల్సి వస్తే ముందు వేడి చెయ్యాలి. గ్యాస్ మంటతోనో, బొగ్గుల మీదో నెమ్మదిగా కాచి, దోసె పెనం మీద చూసినట్టే నీటి చుక్క వెయ్యి. చుక్క ఆవిరైపోకుండా ముత్యంలా దొర్లిందంటే 200 డిగ్రీల పైకి వచ్చినట్టు. అప్పుడు 7018తో వెల్డ్ చేసి, వెంటనే పొడి ఊక బూడిదలో కప్పెట్టి రాత్రంతా వదిలెయ్.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. షాపు పెట్టిన రెండో ఏడు, ఒక రైతు ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే రింగు పగిలితే తెచ్చాడు. కోతల రోజులు, బయట నలుగురు ఎదురు చూస్తున్నారు. పగులు మీదే 6013తో రెండు గీతలు వేసి, త్వరగా చల్లారాలని బకెట్ నీళ్లు కొట్టి పంపేశాను. బుస్సుమని పొగ వచ్చి చల్లారిపోయింది, చూడ్డానికి బాగుంది. మూడో రోజు ధాన్యం బస్తాలతో కాలవ గట్టు ఎక్కుతుండగా అది తెగింది. ట్రక్కు వెనక్కి జారి గట్టు పక్క తుమ్మ మొద్దుకు ఆనుకుని ఆగింది. వెనక ఎవరూ నడవలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి. తెగిన ముఖం నేను చూశాను. వెల్డు పక్కనే, రింగు ఇనుములోనే, చక్కెర గింజల్లా మెరుస్తూ గాజు పగిలినట్టు విరిగింది. ఎర్రటి గట్టి ఉక్కు మీద నీళ్లు కొడితే కొలిమిలో కత్తికి పదును పెట్టినట్టే. గట్టిబడుతుంది, పెళుసైపోతుంది. ఆ రోజు నుంచి మా షాపులో వెల్డు మీద నీళ్లు పొయ్యనివ్వలేదు. నువ్వు కూడా పొయ్యకు, మెత్త ఇనుము మీదైనా ఆ అలవాటు వద్దు.

కాబట్టి ఈ పనులు నువ్వు చెయ్యొద్దు, రెండు మూడేళ్ల అనుభవం వచ్చినా ఆలోచించి చెయ్యి: ట్రక్కు తగిలించే రింగు, హుక్కు, పిన్నులు, ట్రాక్టరు స్టీరింగ్ రాడ్లు, బ్రేకు భాగాలు, ముందు యాక్సిల్, టాప్ లింకు, కింది లింకులు, హైడ్రాలిక్ సిలిండర్లు, పైపులు. విరిగితే కొత్తవి వేసుకో. పిన్ను ఖరీదెంత, మనిషి ఖరీదెంత!

కొన్ని అయితే ఎప్పటికీ చెయ్యకూడనివి. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగ్ పెట్టకు. గాలి తీసేసినా సరే. వేడికి లోపలి రబ్బరు నుంచి మండే వాయువులు పుట్టి టైరు బాంబులా పేలుతుంది. డీజిల్ డ్రమ్ము, ఆయిల్ డబ్బా, పురుగుమందు డ్రమ్ము ఖాళీగా ఉన్నా కోయకు, అతికించకు. కడిగాం కదా అనుకోకు. మడతల్లో మిగిలిన చుక్క ఆవిరి చాలు.

రోటవేటర్ బ్లేడ్లు బోరాన్ ఉక్కుతో చేసి గట్టిపరిచినవి. విరిగిన బ్లేడును అతికిస్తే మహా అయితే ఒక చాలు నడుస్తుంది, మళ్లీ అక్కడే విరిగి ఎటు ఎగురుతుందో తెలియదు. బోల్టు విప్పి కొత్తది వెయ్యి. బాగా అరిగిన పాతవాటి మధ్య ఒకటే కొత్తది వేస్తే రోటరు తూకం తప్పి ఊగుతుంది, ఎదురు బ్లేడు కూడా మార్చు. కల్టివేటర్ స్ప్రింగులు కూడా అంతే, వెల్డు పనికిరాదు.

బీడు విషయంలో నా సలహా, ముందు కొత్తది దొరుకుతుందేమో చూడు. దొరకకపోతే నికెల్ రాడ్ కావాలి, ఖరీదెక్కువ. అంగుళం గీత వేసి, ఎర్రగా ఉండగానే చిన్న సుత్తితో మెల్లగా కొట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతి అంగుళం. పోపు గింజలు లెక్కపెట్టేంత ఓపిక కావాలి. చివరికి బూడిదలో కప్పెట్టాలి. తొలి ఏడాది ఇది షాపు వాళ్లకే వదిలెయ్.

నువ్వు చేసుకోగలిగే పనులు మాత్రం చాలా ఉన్నాయి. కేజ్ వీల్స్ పట్టీలు ఊడటం, ట్రక్కు తలుపులు, కీళ్లు, కొక్కేలు, కల్టివేటర్ ఫ్రేము పగుళ్లు, స్ప్రేయర్ స్టాండు, మోటారు స్టాండు, పశువుల కొట్టం గేటు, గుంటక ఫ్రేము. నా లెక్కన ఒక రైతు ఏడాదికి షాపుకు పోయే పనుల్లో ఎక్కువ భాగం ఇవే.

ఫ్రేము పగులు ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది దీన్నే. పగులు మీద గీత వేస్తే పైన పొర అతుక్కుంటుంది, లోపల పగులు అలాగే ఉంటుంది. ముందు వైరు బ్రష్‌తో శుభ్రం చేసి పగులు ఎక్కడ ఆగిందో వెతుకు. కొస కనపడకపోతే కాస్త డీజిల్ రాసి తుడిచి సుద్దపొడి చల్లితే పగులు వెంట తడి గీతలా బయటికొస్తుంది. కొస దాటి కొద్దిగా ముందు 5 ఎంఎం డ్రిల్లుతో రంధ్రం వెయ్యి, పగులు ఇంకా పాకకుండా. డీజిల్ పూర్తిగా తుడిచి, తడి ఆరిపోయాక, గ్రైండర్‌తో పగులు పొడవునా వీ ఆకారంలో గాడి తియ్యి, మందంలో అడుగు దాకా. ట్యాక్‌లు కొట్టి, అడుగు నుంచి పొరలు పొరలుగా నింపు. ప్రతి పొరకూ స్లాగ్ కొట్టి బ్రష్ చెయ్యి. పైన పట్టీ వెయ్యాలనిపిస్తే నలుచదరంగా కోసి అడ్డంగా వెల్డ్ చెయ్యకు. ఆ అడ్డ గీత పక్కనే మళ్లీ పగులుతుంది. వజ్రం ఆకారంలో, రెండు కొసలు సన్నగా కోసి, పక్కల వెంట వెల్డ్ చేసి, కొసల దగ్గర ఆపెయ్. ఇంతా చేసి, అసలు ఎందుకు పగిలిందో కూడా చూడు. బోల్టు వదులైతే ఫ్రేము ఊగి పగులుతుంది. బోల్టు బిగించకుండా ఎన్నిసార్లు వెల్డ్ చేసినా మళ్లీ నీ దగ్గరికే వస్తుంది.

కర్రులు, గుంటక పలక త్వరగా అరిగిపోతుంటే హార్డ్ ఫేసింగ్ రాడ్లు దొరుకుతాయి. కొత్తగా ఉన్నప్పుడే అంచు మీద ఒకటి రెండు గీతలు వేస్తే మన్ను రాపిడికి తట్టుకుంటుంది. ఆ గీతలో అడ్డంగా వెంట్రుక పగుళ్లు వస్తాయి, అది దాని స్వభావం. రాళ్ల నేలల్లో మాత్రం దెబ్బకు ఊడిపోవచ్చు.

ట్రాక్టరుకు తగిలించి ఉండగా పనిముట్టును వెల్డ్ చేయకు. విప్పి పక్కన పెట్టుకో. ట్రాక్టరు మీదే చేయక తప్పకపోతే ముందు బ్యాటరీ వైర్లు, నెగటివ్‌తో మొదలుపెట్టి, తీసెయ్. లేకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోతుంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకు పొగ కాలుష్యం తగ్గించే ట్రెమ్ 4 నిబంధనలు వచ్చాక వాటిలో ఎలక్ట్రానిక్స్ పెరిగాయి. అలాంటివాటికి కంపెనీ మాన్యువల్ చూడకుండా వెల్డింగ్ పెట్టకు. ఎర్త్ క్లాంప్ ఎప్పుడూ వెల్డు చేసే ముక్కకే, దగ్గరగా పెట్టు. రోటవేటర్ రోటరు మీద వెల్డ్ చేస్తూ క్లాంప్ పై ఫ్రేముకు పెడితే కరెంటంతా బేరింగ్ లోంచి పోతుంది. గుండ్ల మీద సన్నటి గుంటలు పడతాయి. నెల తర్వాత బేరింగ్ అరిచినప్పుడు కారణం ఎవరికీ తట్టదు.

ఒంటి జాగ్రత్త. కాటన్ ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు. లుంగీ, చెప్పులు, పాలిస్టర్ వద్దు. పాలిస్టర్ మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చెమటతో తడిసిన గ్లోవ్స్ మార్చు, తడి నేల మీద నిలబడకు. రాడ్ కాలనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి, తడి ఒంటికి అది చిన్న దెబ్బ కాదు. గడ్డివాము, పత్తి కట్టె దగ్గర పెట్టుకోకు. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి పొగ వస్తోందేమో చూడు. గ్రైండర్ గార్డు తీసేసి వాడటం మన దగ్గర అందరికీ అలవాటే. నువ్వు తియ్యకు. కటింగ్ చక్రం నిమిషానికి పది వేల పైన తిరుగుతుంది, పగిలితే ముక్క ముఖానికే వస్తుంది.

జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. పీలిస్తే రాత్రికి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు. పాలు తాగితే పొగ విరిగిపోతుందని అంటారు, అలా జరగదు. పూత గ్రైండ్ చేసి, గాలి నీ వెనక పక్క నుంచో పక్కగానో వీచేలా కూర్చుని, పొగలో తల పెట్టకుండా చెయ్యి.

ఇక కళ్లు. హెల్మెట్ లేకుండా రెండు మూడు ట్యాక్‌లు కొడితే అప్పటికి ఏమీ అనిపించదు. ఆరేడు గంటలు గడిచి, రాత్రి నిద్రలో కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నీళ్లు కారతాయి, దీపం కూడా చూడలేవు. మాలో చాలామంది ఆలుగడ్డ ముక్కలు, పచ్చిపాలు పెట్టుకుంటారు. పచ్చిపాలు కంట్లో పోస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు, చెయ్యకు. చీకటి గదిలో చల్లటి గుడ్డ కప్పుకుని పడుకుని, పొద్దున్నే కంటి డాక్టర్‌కు చూపించు. మంట తగ్గించే మత్తు చుక్కలు షాపులో కొనుక్కుని పదే పదే వేసుకోవద్దు, నల్లగుడ్డు పాడవుతుంది. నీకంటే పిల్లల సంగతి ఎక్కువ చూసుకో. ఇంట్లో చేసే వెల్డింగ్‌కు పిల్లలు చుట్టూ మూగుతారు. పాత రేకు రెండు కర్రలకు కట్టి అడ్డం పెట్టు, వాళ్లను లోపలికి పంపాకే రాడ్ పెట్టు.

దమ్ములకు ఇంకా రెండు నెలలు ఉందన్నావు, చాలినంత సమయం. ఈ నెలంతా పట్టీల మీద గీతలు, టీ జాయింట్లు చెయ్యి. వరసగా పది టీ ముక్కలు విరగ్గొట్టు. పదిలో పదీ మూల దాకా కరిగి, బెజ్జాలు లేకుండా వస్తే కేజ్ వీల్స్ దించి, ఊడిన పట్టీలు ఒక్కొక్కటిగా మొదలుపెట్టు. చక్రం మెలిపడకుండా ఎదురెదురు పట్టీలకు ట్యాక్‌లు కొట్టుకుంటూ పోయి, అన్నీ నిలిచాక 3.15 ఎంఎం రాడ్‌తో, 110 ఆంప్స్ దగ్గర పూర్తి చెయ్యి. బురదలో దించే ముందు ఒకసారి ప్రతి పట్టీనీ సుత్తితో గట్టిగా కొట్టి చప్పుడు విను. పట్టిన చోట గంట కొట్టినట్టు ఖంగుమంటుంది, పట్టని చోట పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది.